కంచె వేసినోళ్లం, తోవ పెట్టుడు మరిచినం

వాన పడ్డది, దుక్కులైనయి, నార్లు పోసుడు నడుస్తున్నది. రాసేటంత తీరిక లేదు గని, ఇది రాయకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. జర పొడుగైతది. ఓపిక ఉన్నోళ్లు చదువుండ్రి.

మొన్న శనివారం మంత్రివర్గం కూసొని లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేస్తున్నమని చెప్పింది. ఆదివారం, అంటే 2021 జూన్ 20 నుంచి ఎవరు ఎటన్న పోవచ్చన్నరు. మే 12 నాడు షురూ చేసినప్పుడు పొద్దున 6 నుంచి 10 దాకనే బయటికి వచ్చుడు. మే 31 నుంచి ఒంటిగంట దాక ఇచ్చిండ్రు. జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాక ఇచ్చిండ్రు. ఇప్పుడు మొత్తం తీసేసిండ్రు. జులై 1 నుంచి బడులు సుత తెరుస్తమన్నరు.

ఆ రాత్రి మా ఊరి కట్ట మీద పది మంది కూసుంటే పది మాటలు. మాది మల్లాపూర్ మండలం ముత్యంపేట. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరంటే జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు అందరికీ ఎరుకే. ఆ ఫ్యాక్టరీ ముచ్చట తర్వాత చెప్త.

రిటైరైన మా సారు అన్నడు: "ఇప్పుడే ఎత్తేసుడు తొందరపాటు. అందరికీ రెండు టీకలు పడేదాక ఉంచాలె. న్యూజిలాండ్ చూడుండ్రి, సరిహద్దులు మూసుకొని ఎట్ల కాపాడుకున్నదో." ఒక డిగ్రీ పిలగాడు లేసి, "సార్, స్వీడన్ల మనలెక్క బందు పెట్టనే లేదు" అన్నడు. ఇద్దరు చాలాసేపు ఆ రెండు దేశాల మీద కొట్లాడిండ్రు. మా ఊళ్లె ఎవ్వలు ఆ రెండు దేశాలు చూసినోళ్లు లేరు.

ఆటో నడిపే తమ్ముడు అన్నడు: "సారూ, మీకు ఒకటో తారీకు పింఛన్ పడుతది. నాకు ఐదో తారీకు ఫైనాన్సోడు ఫోన్ చేస్తడు. పోయినేడు బ్యాంకులు కిస్తులు ఆరు నెలలు ఆపినయి. ఈసారి ఎవ్వలు ఆపలే."

బీడీలు చేసే ఆడోళ్లు ఇద్దరు ఆ పక్కకే కూసున్నరు. వాళ్లను ఎవ్వలు అడగలే. పోయేటప్పుడు ఒకామె అన్నది: "ఖార్ఖాన తెరిస్తెనే మాకు ఆకు, తంబాకు ఇస్తరు. చాట నిండితెనే పొయ్యి ముడుతది. తెరువుండ్రి, అంతే."

కిరాణం సేటు ఏమో నాలుగు గంటల బేరమే మంచిగున్నదన్నడు. అబద్ధం కాదు. ఆ నాలుగు గంటలల్ల దినమంతా అమ్మే సామాను అమ్మిండు. మీరు సుత చూసే ఉంటరు, మే నెలల పొద్దున తొమ్మిదింటికి కోరుట్ల, మెట్‌పల్లి అంగడి ఎట్లుండెనో. భుజం భుజం రాసుకొని, మాస్కు గదుమ కిందికి జారి, పది కొట్టకముందే ఇల్లు చేరాలని ఉరుకుడే. రోగానికి దూరం ఉండాలని పెట్టిన టైమే మనుషులందర్నీ ఒక్క కాడికి తెచ్చింది.

ఇంటింటికి తిరిగి జ్వరం సర్వే చేసిన ఆశా చెల్లె మాత్రం ఒక్క మాటనే అన్నది. "తెరిచినా మూసినా నాకు పని తప్పదు. జ్వరమొస్తే దాచిపెట్టకుండ్రి. అది చాలు."

తర్వాత అందరు నా దిక్కు చూసిండ్రు. "అన్నా, నువ్వు ఫేస్‌బుక్‌ల ఇంత పొడుగు రాస్తవు గదా, నువ్వేమంటవు?" అని అడిగిండ్రు. నేను ఏం మాట్లాడలే. పొద్దుపోయింది, నారుమడికి నీళ్లు పెట్టాలె అని లేసి వచ్చిన. ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు మీకు చెప్త. పోయినేడు మార్చి కాడి నుంచి మొదలుపెట్టాలె.

2020 మార్చి 22 నాడు జనతా కర్ఫ్యూ. దేశమంతా 14 గంటలంటే మన రాష్ట్రంల 24 గంటలన్నరు. ఆ సాయంత్రమే రాష్ట్రంల లాక్‌డౌన్ అని చెప్పిండ్రు. 25 నుంచి దేశమంతా 21 రోజులు బందు. రాత్రి 7 నుంచి పొద్దున 6 దాక కర్ఫ్యూ. ఇంటికి మూడు కిలోమీటర్ల లోపలనే తిరగాలె. కరీంనగర్ల కేసులొచ్చినయని విన్నంక మా ఊరు మొత్తం గజగజ వణికింది. గల్ఫ్ నుంచి వచ్చినోళ్ల చేతుల మీద ముద్ర చూసి, చిన్నప్పటి సంది తెలిసినోణ్ణి చూసినా తలుపు పెట్టుకున్నం.

ఊళ్లెకు తోవ బందు పెట్టాలని మాట వచ్చింది. మంచిదే అనిపించింది. నా ట్రాక్టర్లనే సర్కారు తుమ్మ కంప రెండు ట్రిప్పులు తెచ్చిన. నా చేతులతోనే తోవకు అడ్డం వేసిన. అద్దుమరాత్రి దాక కావలి కాసే వంతుల జాబితా సుత నేనే రాసిన. ఇంటర్ సదివినోన్ని కదా, రాతకోతల పని నా మీదనే పడుతది. "బయటోళ్లు లోపలికి రావద్దు, లోపలోళ్లు బయటికి పోవద్దు" అని అట్ట మీద రాసి కట్టిన. ఫోటో తీసి ఈ పేజీల పెడితే మస్తు మంది మెచ్చుకున్నరు. ఆ పోస్టు ఇంక ఉన్నది. నేను తీసెయ్యలే.

కంచె వేసిన నాలుగు రోజులకు నా బోరు మోటరు కాలింది. యాసంగి వరి పాలు పోసుకునే టైం. అప్పుడు వారం రోజులు తడి లేకుంటే గింజ పట్టది, తాలు పోతది. వ్యవసాయానికి సడలింపు ఉన్నదని టీవీల చెప్తనే ఉన్నరు. నిజమే, రైతుకు ఇచ్చిండ్రు. కని రైతు వెనుక మోటరు వైండింగోడు ఉంటడు, పంక్చర్ దుకాణపోడు ఉంటడు, బేరింగులు అమ్మేటోడు ఉంటడు. వాళ్ల దుకాణాలు అన్ని బందు. ఎవుసం ఒక్కని చేతి పని కాదని ఆ రోజు నాకు మంచిగ తెలిసింది.

ఏం చేసిన్నంటే, పొద్దున నాలుగింటికి లేసి, నేనే వేసిన కంప ఒక మూలకు జరిపి, బండి మీద మోటరు కట్టుకొని మెట్‌పల్లి పోయిన. వైండింగు చేసే ఆయనను ఇంటికి పోయి బతిమాలిన. వెనుక రేకుల షెడ్డుల లోపట గొళ్లెం పెట్టుకొని రెండు రోజులల్ల చుట్టి ఇచ్చిండు. తిరిగొచ్చేటప్పుడు పోలీసాయన ఆపితే కాలిన తీగె చూపిచ్చిన. ఆయన సుత రైతు బిడ్డనే కావచ్చు, పో అన్నడు. మోటరు దించిన, పొలం పారింది. కావలి ఉన్న పిలగాండ్లు చూసి సుత చూడనట్టే ఉన్నరు. జాబితా రాసినోన్ని నేనే కదా, నన్నెవడు అడుగుతడు.

ఇగ అసలు ముచ్చట. అప్పటికి మా అవ్వకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. ఎనభై ఏండ్లు ఉంటయి. మంచంలనే ఉండె. మా అక్కను రాయికల్ దిక్కు ఇచ్చినం. లాక్‌డౌన్ రాకముందు పదిహేను రోజులకు ఒకసారి వచ్చి అవ్వ తల దువ్వి, గోర్లు తీసి పోయేది. ఏప్రిల్ మొదట్ల అవ్వకు మాట ఇంకింత పడిపోయింది. అక్కకు ఫోన్ల చెప్పిన. తెల్లారి లోపలి తోవల పంటి కొడుకు బండి మీద వచ్చింది. కంచె కాడ ఆగింది. ఆ రోజు కావలి వంతు నాదే.

"కంప జరుపు తమ్మీ, అవ్వ మొఖం చూసి మర్లిపోత" అన్నది.

నేను అన్న: "అక్కా, ఊరంత మాట ఇచ్చినం. నేనే తప్పితే ఎట్ల? రెండు వారాలు ఓపిక పట్టు. అయిపోతది."

ఆమె కొట్లాడలే. మా అక్క ఎప్పుడు కొట్లాడది. చేతి సంచి కంప అవతల కింద పెట్టి పది అడుగులు వెనుకకు జరిగింది. నేను పోయి తీసుకున్న. నెయ్యి సీసా, పెసరపప్పు, పాత మెత్తటి చీర ఒకటి, అవ్వ కింద పరుచుటానికి. అల్లుడు ఫోన్ల వీడియో పెట్టిండు. నేను ఉరికి ఇంటికి పోయి నా ఫోన్ అవ్వ మొఖం ముందట పెట్టిన. అవ్వకు చూపు సరిగ ఆనది. ఫోన్ల నుంచి గొంతు వస్తుంటే తలుపు దిక్కు చూసింది. "బిడ్డ ఏది" అని సైగ చేసింది. ఫోన్ల ఉన్నదంటే అర్థం కాలే. మళ్ల తలుపు దిక్కే చూసింది.

పది రోజులకు అవ్వ పోయింది. కరోనా కాదు, వయసే. చావుకు 20 మంది కంటే ఎక్కువ ఉండొద్దని రూలు. ఆ రోజు కంప జరిపినం. అక్క వచ్చి శవం కాళ్ల కాడ కూసున్నది. ఏడిసింది గని నన్ను ఒక్క మాట అనలే. అంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మోటరుకు తోవ దొరికింది. అక్కకు దొరకలే. నన్ను రోగం నుంచి కాపాడిన నియమం మీద నాకు కోపం లేదు. ఆ రోజులల్ల మూసుకొనుడు తప్పు కాదు. రోగమేందో ఎవలికి సరిగ తెల్వది, దవాఖానలు తయారుగ లేవు. కని నా పొలానికి అక్కరైతే కంప జరిపిన చెయ్యి, అక్కకు అక్కరైతే నియమం చెప్పింది. ఇది నేను ఏడాది దాక ఎవ్వలికి చెప్పలే. ఇయ్యాల మీకు చెప్తున్న.

తర్వాత తెరుసుడు షురూ అయింది. ఏది ఎప్పుడు తెరిచిండ్రో ఒకసారి వరుస చూడుండ్రి. మే 6 నాడు వైన్సులు తెరిచిండ్రు. మే 19 నాడు ఆర్టీసీ బస్సులు కదిలినయి. జూన్ 8 నుంచి గుడి, మసీదు, చర్చి తెరిచిండ్రు. బడి అందరికన్న ఆఖరు. 2021 ఫిబ్రవరి 1 నాడు తొమ్మిది, పది పిలగాండ్లకు తెరిచి, నెలాఖరుకు ఆరు నుంచి ఎనిమిది వాళ్లను పిలిచి, మార్చి 24కు మళ్ల మూసిండ్రు. నేను ఏ పార్టీని అంటలేను. సర్కారుకు పైసలు కావాలె, అది నాకు తెలుసు. కని అవ్వను చూడపోవాలంటే బస్సు లేని పదమూడు రోజులు, మందు మాత్రం దొరికింది. ఎవల అభిప్రాయం ముందుగాల వినపడుతదో ఆ వరుస చూస్తె తెలుస్తది.

ఇంకొకటి చూడుండ్రి. దేశంల వలస కూలీల కోసం మొదటి రైలు 2020 మే 1 నాడు మన హైదరాబాద్ పక్క లింగంపల్లి నుంచే జార్ఖండ్‌ల హతియాకు పోయింది. పన్నెండు వందల మంది దాక ఎక్కిండ్రు. వారం రోజులకు అదే లింగంపల్లికి బీహార్ల ఖగడియా నుంచి ఒక రైలు వచ్చింది. మన రైస్ మిల్లులల్ల హమాలీ చేసుటానికి రెండు వందల మందికి పైగా కూలీలు దిగిండ్రు. మన వడ్లు కొనాలంటే వాళ్లు రావాలె. నా వడ్లు సుత అట్లనే మిల్లు చేరినయి, నేను ఆ రైలుకు సంబరపడ్డ. పోయేటోళ్లు నెలకు పైగా ఎదురు చూసిండ్రు. పనికి వచ్చేటోళ్లకు వారంలనే తోవ పడ్డది. అక్కర మనదైతే రైలు సుత తొందరగ కదులుతది. నా మోటరు కథ, దేశం కథ రెండు ఒక్కటే అనిపించింది.

ఇగ ఈ ఏడాది సంగతి. ఏప్రిల్‌ల రెండో దెబ్బ వచ్చింది. హైకోర్టు గట్టిగ అడిగినంక ఏప్రిల్ 20 నుంచి రాత్రి 9 నుంచి పొద్దున 5 దాక కర్ఫ్యూ పెట్టిండ్రు. మా దిక్కు శానా ఊర్లు వాళ్లంతట వాళ్లే బందు పెట్టుకున్నయి. మా కాడ సుత కంచె మాట మళ్ల లేసింది. అప్పుడు అందరికన్న గట్టిగ వద్దన్నది నేనే. "నేనుండంగ మళ్ల కంప పడనియ్య" అన్న. ఎందుకన్ననో అక్కడున్నోళ్లకు తెల్వది. వాళ్లు నేను ధైర్యవంతున్ని అనుకున్నరు.

పోయినేడు అధిక మాసం వచ్చింది గనుక, తిథి ప్రకారం మా అవ్వ ఏడాది ఈసారి మే మొదట్ల పడ్డది. చావుకు ఎవల్ని పిలువలేకపోతిమి, ఈ ఏడాదికన్న అందర్ని పిలిచి కడుపు నిండ అన్నం పెట్టాలె అనుకున్న. నా భార్య వద్దన్నది. "ఇంటి వరకే చేసుకుందాం, టీవీల చూస్తలేవా" అన్నది. వినలే. నూట యాభై మంది తిన్నరు. అక్క రెండు రోజుల ముందే వచ్చింది. బావ వచ్చిండు. తోవల ఎవ్వలు ఆపలే. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

వారం లోపల మూడు ఇండ్లల్ల ఆరుగురికి జ్వరాలు. నాకు, నా భార్యకు తేలికగ పోయింది. బావకు ఊపిరి అందలే. కరీంనగర్ల ఒక ప్రైవేటు దవాఖానల 11 రోజులు ఆక్సిజన్ మీద ఉన్నడు. బతికిండు. బిల్లు నాలుగు లక్షల ఇరవై వేలు. ఎకరం కుదువ పెట్టిండు. ఇప్పటికీ ఇంటి మెట్లు నాలుగెక్కితే కూసుంటడు. మా ఇంట్ల బంతిలనే అంటుకున్నదని ఎవ్వలు చెప్పలేరు. బస్సుల అంటుకోవచ్చు, అంగట్ల అంటుకోవచ్చు. కని నేను మాత్రం అట్ల చెప్పుకొని నిద్రపోలేకపోతున్న.

మూసినప్పుడు అక్కనే నష్టపోయింది. తెరిచినప్పుడు అక్కనే నష్టపోయింది. రెండుసార్లు నా మాట గట్టిగ నడిచింది. అందుకే మొన్న కట్ట మీద నాకు నోరు రాలే.

ముఖ్యమంత్రి సుత మే 6 నాడు లాక్‌డౌన్ పెడితే లాభం లేదు, ఆర్థికంగ దెబ్బతింటం అన్నడు. మే 11 నాడు మంత్రివర్గం కూసొని తెల్లారి నుంచే పెట్టింది. వడ్ల కొనుగోళ్ల మీద దెబ్బ పడుతదేమో అని సుత ఆలోచన చేసిండ్రు. ఐదు రోజులల్ల మాట మారిందని శానా మంది నవ్విండ్రు. నేను నవ్వలే. ఏడాదిల నేనే మొత్తం అటునుంచి ఇటు మర్లిన.

మీల కొంతమంది అంటరు, "ఎత్తేసిండ్రు కదా, ఇగ అభిప్రాయాలెందుకు" అని. ఎత్తేసింది మన దర్వాజ ఒక్కటే. మా తమ్ముని కొడుకు దుబాయ్‌ల పని చేస్తడు. పోయినేడు ఏప్రిల్ 4 నుంచి అక్కడ 24 గంటల బందు పెడితే ఆరుగురున్న రూముల మూడు వారాలు పడుకున్నడు. ఈ ఫిబ్రవరిల సెలవు మీద ఇంటికి వచ్చిండు. 2021 ఏప్రిల్ 24 రాత్రి నుంచి వాళ్లు మన దేశపోళ్లను రానియ్యలే. సౌదీ అయితే ఫిబ్రవరిలనే ఆపింది. మొన్న శనివారం, మన కాడ లాక్‌డౌన్ ఎత్తేసిన రోజే, దుబాయోళ్లు సుత ఒక మాట చెప్పిండ్రు: జూన్ 23 నుంచి వీసా ఉండి, వాళ్లు ఒప్పుకున్న టీక రెండు డోసులు పడ్డోళ్లు రావచ్చని. పిలగానికి కోవిషీల్డ్ ఒక్కటే పడ్డది. రెండోదానికి 12 నుంచి 16 వారాలు ఆగాలని మే నెలల రూలు మార్చిండ్రు. విదేశం పనికి పోయేటోళ్లకు 28 రోజులకే ఇయ్యొచ్చని జూన్ 7 నాడు మళ్ల చెప్పిండ్రు. ఇప్పుడు ఆ కాయిదాలు పట్టుకొని జగిత్యాల చుట్టు తిరుగుతున్నడు. ఆరు నెలలు దాటితే వీసా పోతదని భయం. మన జిల్లాల ఇంటికొకలు గల్ఫ్‌ల ఉన్నరు. వాళ్లకు ఈ సడలింపు సగం తెరిచిన తలుపే.

సిరిసిల్లల నా బామ్మర్ది సాంచెలు నడుపుతడు. ఆయన అభిప్రాయం అడిగితే నవ్విండు. "బావా, సాంచె ఆగిన రోజు కూలి లేదు. బతుకమ్మ చీరెల టైం వచ్చింది, నడవనీ" అన్నడు. ఆయనది ఆయనకు నిజం. మా సారు భయం సారుకు నిజం. ఆయన భార్యకు షుగరు, ఊపిరితిత్తుల జబ్బు.

ఇగ మా ఫ్యాక్టరీ ముచ్చట. 2015 డిసెంబరుల దాని గేటుకు తాళం పడ్డది. ఒక్క రోజు పని. తాళం తీయాలని ఆరేండ్ల సంది రైతులు పాదయాత్రలు చేసిండ్రు, ధర్నాలు చేసిండ్రు. చెరుకు కామారెడ్డి దిక్కు మోసిండ్రు, కిరాయిలు భరించలేక వరికి, మక్కకు మర్లిండ్రు. తాళం అట్లనే ఉన్నది. అందుకే మా ఊరోళ్లకు ఒకటి మంచిగ ఎరుక. మూసుడు అల్కగ అయితది. తెరుసుడు శానా కష్టం. మూసేటప్పుడే ఎప్పుడు తెరుస్తం, ఎవలు తెరుస్తరు, అప్పటి దాక లోపలోళ్లు, బయటోళ్లు ఏం తింటరు అని రాసి పెట్టుకోకుంటే, ఆ తాళం తుప్పు పట్టుతది. పోయినేడు సర్కారు తెల్లకార్డుకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. అది మంచి పని. ఈసారి మూసినప్పుడు ఆ పైసలు మా ఊళ్లె ఎవల ఖాతాల పడలే.

నేను రైతును. చేనుకు కంచె ఎందుకు వేస్తమో నాకు తెలుసు. కంచె లేకుంటే పసులు పడుతయి, పంట దక్కది. కని ఏ రైతన్న బండి పోయే తోవ లేకుండ కంచె వేస్తడా? తోవ విడిచి, దానికి తడక కట్టి, తడక తీసుడు పెట్టుడు ఇంట్ల అందరికి నేర్పుతడు. ఊరికి కంచె వేసిన రోజు ఆ ఇంగితం నాకు లేకపోయింది. తోవ పెట్టలే. పెట్టలేదు గనుక నేను దొంగతనంగ కంప జరుపుకున్న. జోరున్నోనికి కంప జరుగుతది, జోరు లేనోనికి జరగది. ఈ ఏడాది మొత్తం కంచెనే వద్దన్న. చేను మేసిపోయింది.

మూడో దెబ్బ వస్తదంటున్నరు. రావొద్దని కోరుకుందాం. వస్తే మాత్రం మా పంచాయతిల నేను చెప్పేది ఇది. చావు, దవాఖాన, మంచంల పడ్డ తల్లిదండ్రులు, వీటికి తోవ మొదటి రోజు నుంచే ఉండాలె. మాస్కు పెట్టిచ్చుండ్రి, దూరం నిలబెట్టుండ్రి, అయిదు నిమిషాలే ఇయ్యుండ్రి, కని ఇయ్యుండ్రి. దినం కూలి మీద బతికేటోళ్ల పని తర్వాత. బడి ఆ తర్వాత. మంది కూడి తినే బంతులు, దావత్‌లు అన్నిటికన్న ఆఖరుకు, నా ఇంట్లదైనా సరే. దుకాణాలకు నాలుగు గంటలు కాదు, దినమంతా ఇయ్యాలె, మంది పలుచగైతరు. కట్ట మీద అభిప్రాయం అడిగేటప్పుడు గట్టిగ మాట్లాడేటోణ్ణి ఆఖరుకు అడగాలె. ఆ బీడీల చెల్లెండ్లను ముందుగాల అడగాలె. కావలి కాడ నిలబడ్డోడు ముందుగాల తను ఎన్నిసార్లు కంప జరిపిండో యాది చేసుకొని, తర్వాత "వద్దు" అనాలె.

శనివారం రాత్రి నారుమడికి నీళ్లు పెట్టి వచ్చి అక్కకు ఫోన్ చేసిన. "అక్కా, మొత్తం ఎత్తేసిండ్రు. మంచిదైందా, చెడ్డదైందా? నువ్వేమంటవు?" అని అడిగిన. రెండేండ్లల్ల అక్కను ఈ ముచ్చట అడుగుడు అదే మొదటిసారి.

కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత అన్నది: "ఏమో తమ్మీ, నాకేం తెలుసు. సోమవారం పొద్దుగాల కరీంనగర్ బస్సు నడుస్తదా, అది కనుక్కొని చెప్పు. మీ బావను డాక్టర్‌కు చూపియ్యాలె. ఆటోకు రెండు వేలు అడుగుతున్నరు."

డిపోల కనుక్కున్న. నడుస్తదన్నరు. సోమవారం నేను సుత జగిత్యాల బస్టాండు దాక పోయిన. కిటికీ పక్క సీటు పట్టి బావను కూసోపెట్టిన. ఇద్దరికి మాస్కులు సరిగ ఉన్నయా చూసిన. బస్సు కదిలేటప్పుడు అక్క కిటికీల నుంచి చెయ్యి బయటికి పెట్టి, "నారు ఎండనియ్యకు, పో" అన్నది.

2021 వానకాలంల రైతుబంధు పైసలు ఎకరానికి 5,000 పడ్డయి. మీ ఊళ్లె తెరిచినంక ఎట్లున్నదో, పోయినేడు మీరు కంచె వేసిండ్రా, తోవ ఎవలికి ఇచ్చిండ్రో, ఎవలికి ఇయ్యలేదో రాయుండ్రి. అబద్ధం లేకుండ రాయుండ్రి, నేను రాసినట్టు.

ఉంట మరి.